మేనత్త వడ్డించిన రెండో పళ్ళెం

నా చిన్నప్పుడు నాకు ‘నేను’ అనడం అలవాటు లేదు. ఆకలేస్తే “మాకు ఆకలేస్తోంది” అనేదాన్ని, నిద్రొస్తే “మాకు నిద్రొస్తోంది” అనేదాన్ని. అక్కా నేనూ కవలలం. అక్క నాకంటే కాసేపు ముందు పుట్టింది, అంతే. ఆ కాసేపటి పెద్దరికంతోనే తను మాట్లాడేది, నేను తల ఊపేదాన్ని. ఎవరైనా ఉప్మా కావాలా, ఇడ్లీ కావాలా అని అడిగితే నా కళ్ళు అక్క నోటి వైపు తిరిగేవి. అక్క ఇడ్లీ అంటే మాకు ఇడ్లీ ఇష్టమన్నమాట.

తొంభైల నాటి సంగతి ఇది. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి విశాఖ స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టారు. అమ్మ ఒకే గుడ్డలోంచి కత్తిరించి మా ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లు కుట్టేది. ఒకే రంగు రిబ్బన్లు, ఒకే రకం చెప్పులు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు కూడా ఎవరు ఎవరో తేల్చుకోలేక, ఇద్దరి తలల మీదా చెరో చెయ్యీ వేసి ఒకే దీవెనతో సరిపెట్టేసేవారు.

పక్కింటి మామ్మగారిది ఈ ప్రాంతమే. మేమంటే ఆవిడకి ప్రాణం. ఇంటికి ఎవరొచ్చినా మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి చూపించేది. “ఇది ఒరిజినలు, ఇది జిరాక్సు. దేముడు ఒకదాన్ని సేసేసి, బాగుందని ఇంకోటి తీయించేసినాడు” అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ మాట లోపలెక్కడో ఉండిపోయింది. దానికి తోడు ఇంట్లో తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. మేము పుట్టేదాకా కడుపులో ఇద్దరున్నారని ఎవరికీ తెలీదట. అమ్మ ఒక్క బిడ్డకే బట్టలు కుట్టుకుందట, నాన్న ఒక్క పేరే అనుకున్నారట. ఆ పేరు అక్కకి వెళ్ళిపోయింది. సండే స్కూల్లో, దేవుడు ప్రతి మనిషినీ ప్రత్యేకంగా అనుకుని, ఒక పనికోసం మలుస్తాడని చెప్పినప్పుడల్లా, అది అక్క గురించి అనుకునేదాన్ని. అనుకుని చేసింది అక్కని. నన్ను ఎవరూ అనుకోలేదు. ఈ దిగులు ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా చెప్పలేదు. అప్పటిదాకా అక్కకి చెప్పని సంగతి నాకు అదొక్కటే.

మేము మూడో తరగతిలో ఉన్న ఏడు క్రిస్మస్ సెలవులు ఇచ్చారో లేదో అక్క పెరటి గోడ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో కట్టు కట్టే ఆయన మంచివాడని అమ్మ తనని తీసుకుని రైలెక్కింది. నాన్నగారికి షిఫ్టు డ్యూటీలు. అందుకని నన్ను సీతమ్మధారలో ఉన్న మా మేనత్త ఇంట్లో దింపారు. అక్క లేకుండా ఒక ఇంటి గడప దాటడం నాకు అదే మొదలు. చెప్పులు విప్పి పక్కకి చూశాను, ఇంకో జత లేదు. ఏడుపొచ్చింది.

మేనత్త ఇంటి దగ్గరే ఉన్న ఒక నర్సింగ్ హోములో హెడ్ నర్సుగా చేసేది. కాన్పులు చూడడంలో ఆవిడ చెయ్యి మంచిదని పేరు. మావయ్యది ఓడ మీద ఉద్యోగం, నెలల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. పిల్లలు లేరు. మనిషి గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది, ప్రార్థన కూడా ఎదురింటికి వినపడేలా చేసేది.

మొదటి రోజు మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి “మాకు ఆకలేస్తోంది అత్తయ్యా” అన్నాను. అత్తయ్య రెండు పళ్ళేలు పెట్టింది. రెండింట్లోనూ అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించింది. రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసింది. ఎవరో వస్తున్నారు కాబోలనుకుని కూర్చున్నాను. ఎంతకీ ఎవరూ రాలేదు. అత్తయ్య వీధి గుమ్మం దాకా వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చింది.

“రెండో ఆవిడేదే? అన్నం చల్లారిపోతోంది.”

“ఎవరత్తయ్యా?”

“నన్నడుగుతావేంటి? ‘మాకు’ అన్నది నువ్వే కదా. పిలిచినదానివి నువ్వు, రాకపోతే ఆ పళ్ళెం కూడా నువ్వే తినాలి. నా ఇంట్లో అన్నం పారెయ్యకూడదు.”

పొట్ట పగిలేలా తిన్నాను. సాయంత్రం పొరపాటున “మేము పాలు తాగం” అనేశాను. రెండు గ్లాసుల పాలు వచ్చాయి. పడుకునేటప్పుడు “మాకు చలేస్తోంది” అన్నానని నా పక్కన ఖాళీ చోటులో ఇంకో దిండు వేసి, దాని మీద దుప్పటి కప్పి, దిండుకి కూడా గుడ్‌నైట్ చెప్పింది. అది చూసి నాకు ఎంత నవ్వొచ్చిందంటే, పొద్దుటినుంచి ఆపుకుంటున్న ఏడుపు ఎటు పోయిందో తెలీదు.

మర్నాటికి జాగ్రత్తగా ‘నేను’ అనడం మొదలుపెట్టాను. కానీ దాంతో ఇంకో చిక్కొచ్చింది. ‘నేను’ అన్నాక తర్వాత ఏమనాలో తెలీదు. నీకేం కూర చెయ్యనే అని అత్తయ్య అడిగితే బిక్కమొహం వేశాను. ఆవిడ కాకరకాయ బెల్లం పెట్టి వండింది. అక్క కాకరకాయ ముట్టదు, అందుకని నేనూ ఎప్పుడూ ముట్టలేదు. భయపడుతూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చేదు, దాని వెనకే తీపి. ఎంత బాగుందో! “అత్తయ్యా, ఇది నాకిష్టం!” అని అరిచాను. ఏదో దొరికినట్టే అరిచాను. అత్తయ్య గరిట పట్టుకునే వచ్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది.

ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనని ఆ రోజు నన్ను తనతోపాటు నర్సింగ్ హోముకి తీసుకెళ్ళింది. నర్సుల గదిలో కూర్చోబెట్టి దూది ఉండలు చెయ్యమంది. కాసేపటికి విసుగొచ్చి వరండాలోకి వచ్చాను. పక్క గది తలుపు తీసే ఉంది. జాలరిపేట నుంచి వచ్చినవాళ్ళు. ఒక తల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. పక్కన గుడ్డ ఉయ్యాల్లో పసిబిడ్డ. ఇద్దరు చిన్నపిల్లలు నాయనమ్మ చీర చెంగు పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య ఆ ముసలావిడతో, బిడ్డని ఒకసారి ఎత్తుకోమ్మా అని బతిమాలుతోంది.

“ఎత్తుకుని ఏటి సూడమంటావు సిస్టరమ్మా? మూడోది కూడా గుంటే పుట్టింది” అంది ముసలావిడ. ఆడపిల్లని ఇక్కడ గుంట అంటారు. “ముందు రెండూ గుంటలే. అదే మొకం, అదే రంగు. కొత్తగా సూడ్డానికేటుంది?”

గోడ వైపు తిరిగిన ఆ తల్లి భుజాలు కదలడం నాకు కనిపించింది. ఏడుస్తోంది. అప్పుడు నాకు ఏమైందో తెలీదు. అక్క పక్కన లేదు, మాట్లాడమని ఎవరూ అడగలేదు. అయినా “కాదు” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు.

“అదే మొహం కాదు. పెద్దపాపకి నుదుటి మీదకి జుట్టు దిగింది. రెండోపాపకి గడ్డం మీద సొట్ట ఉంది. ఈ పాపకి ఆ రెండూ లేవు. ఈ పాప చెవి చూడండి, పైన అంచు లోపలికి మడిచి ఉంది. నిద్రలో కింద పెదవి చప్పరిస్తోంది.”

నా జీవితమంతా జనం నా మొహంలోనూ అక్క మొహంలోనూ తేడా కోసం వెతకడం చూస్తూ పెరిగాను కదా, అలా వెతికే చూపు నాకూ అబ్బిందేమో. ఆ తల్లి మెల్లిగా ఇటు తిరిగింది.

“ఏదీ, సెవి?” అంది.

అత్తయ్య బిడ్డని అందించింది. ఆవిడ వేలితో ఆ చెవి అంచు తడిమింది. తడుముతూ తడుముతూ ఒక్కసారి నవ్వింది, కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. “మాయమ్మ సెవి ఇలాగే ఉండేది. అత్తా, సూడు, మాయమ్మ సెవే ఇది. పోయిన మాయమ్మది.”

ముసలావిడ కళ్ళు చిట్లించి వంగింది. ఆ పిల్లలిద్దరూ మంచం ఎక్కేశారు. “నిజమేనే, మీ యమ్మదే” అంది ముసలావిడ. గొంతు మెత్తబడింది. తర్వాత నా వైపు చూసి “ఎవలమ్మా నువ్వు?” అని అడిగింది.

నా పేరు చెప్పాను. అక్క పేరు ముందు పెట్టకుండా, ఒక్క నా పేరే చెప్పాను.

ఆ సాయంత్రం అత్తయ్యా నేనూ డాబా మీద క్రిస్మస్ స్టార్ కట్టాం. కర్రకి తాడు బిగిస్తూ అత్తయ్య పాట పాడుకుంటోంది. హార్బర్ వైపు నుంచి ఓడ కూత వినిపించింది. చీకటి పడుతుంటే ఆవిడ మొహం సరిగ్గా కనపడలేదు, అందుకే అడగడానికి ధైర్యం వచ్చింది. “అత్తయ్యా, నేను అనుకోకుండా పుట్టేశానా?”

అత్తయ్య తాడు వదిలేసింది. స్టార్ ఒక పక్కకి వాలిపోయింది. డాబా గోడ మీద కూర్చుని నన్ను దగ్గరకి లాక్కుంది.

“మీ ఇద్దరినీ ఈ చేతుల్తోనే పట్టుకున్నాను. మీ అక్క పుట్టింది. అందరూ అయిపోయిందనుకున్నారు. డాక్టరమ్మగారు చేతులు కడుక్కుంటోంది. నేను మీ అమ్మ పొట్ట మీద చెయ్యి వేశాను, లోపల్నించి ఒక్క తన్ను తన్నావు! నేను కెవ్వుమన్నాను. నిజమే, మేమెవ్వరం నీకోసం ఎదురుచూడలేదు. మాకు తెలీదు. మాకు తెలీకపోతే దేవుడికి కూడా తెలీనట్టేనా? అన్ని నెలలూ ఆ చీకట్లో కూర్చుని నీకు ముక్కు ఎవరు దిద్దారే, నేనా? మీ నాన్నా?”

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

“మీ అక్క పుడుతూనే గది ఎగిరిపోయేలా ఏడ్చింది. నువ్వు చిన్నగా ఒక్కసారి మూలిగి ఊరుకున్నావు. కళ్ళు విప్పి చూశావు. నన్ను చూశావు, డాక్టరమ్మని చూశావు, దీపం వైపు చూశావు. ఇది చూడ్డానికి వచ్చిందిరా దేవా అనుకున్నాను. ఇవాళ ఆ గదిలో నువ్వు మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎన్నో కాన్పులు చేశాను. ఇంకొకర్ని చూసి దించిన బిడ్డ ఒక్కటీ నా చేతుల్లోకి రాలేదు. దేవుడికి ఆ అవసరం లేదమ్మా.”

తర్వాత నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. ఎప్పటిలా గట్టిగానే చేసింది. నన్ను పంపినందుకు, నా కళ్ళకోసం, ఆ కళ్ళతో ఆయన చేయించుకోబోయే పనికోసం, అన్నిటికీ స్తోత్రం చెప్పింది. ఎదురింటివాళ్ళకి కూడా వినపడే ఉంటుంది. నాకు సిగ్గెయ్యలేదు.

పండగ ముందు అమ్మా అక్కా వచ్చేశారు. అక్క కాలికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. గుమ్మంలో నన్ను చూడగానే తను “నువ్వు లేకపోతే నాకు ఎవరితో మాట్లాడాలో తెలీలేదే” అని భోరుమంది. నాకేమో ఆశ్చర్యం. నేనే అక్క మీద ఆధారపడ్డాననుకున్నాను కానీ, మాట్లాడేవాళ్ళకి వినేవాళ్ళు కావాలన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు. అత్తయ్య చెరో రంగు గౌను కొనిచ్చింది, అక్కకి ఎరుపు, నాకు నేను ఏరుకున్న పసుపుపచ్చ. పక్కింటి మామ్మగారు చూసి బుగ్గలు నొక్కుకుంది. “ఏటమ్మా ఈయేడు ఏరేరు రంగులు? ఇయ్యాల్టినుంచి ఎవలికి వాళ్ళే ఒరిజినలా?” అంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

చర్చిలో వేసే క్రిస్మస్ నాటికలో ఏటా బాలయేసు పడుకున్న పశువుల తొట్టికి చెరో పక్కా మేమే దేవదూతలం. శుభవార్త చెప్పేది అక్క, రెక్కలు పెట్టుకుని నిలబడేది నేను. ఆ ఏడు అక్క నిలబడలేకపోయింది కాబట్టి ఆ మాటలు నా మీద పడ్డాయి. “నాలాగే గట్టిగా అరిచి చెప్పు” అని అక్క తర్ఫీదు ఇచ్చింది. స్టేజీ ఎక్కాక అరవడానికి నోరు తెరిచాను, అరుపు రాలేదు. అప్పుడు ముందు వరసల్లో ఉన్న మొహాలు ఒక్కొక్కటే చూశాను. చూస్తూ, వాళ్ళకి చెబుతున్నట్టే నా గొంతుతో మెల్లిగా చెప్పాను. వెనకాల పిల్లల గోల ఆగింది. పల్లీలు నములుతున్న పెద్దమనిషి నమలడం ఆపాడు. వినపడాలంటే అందరూ నిశ్శబ్దంగా ఉండాల్సొచ్చింది, ఉన్నారు. అయిపోగానే మొదట చప్పట్లు కొట్టింది మా అక్క. కట్టు కట్టిన కాలు కుర్చీ మీద చాపుకుని, ఈల కూడా వేసింది. చర్చిలో ఈల వేసినందుకు అమ్మ అక్క నెత్తి మీద ఒకటి మొట్టింది.

ఇప్పుడు అక్క లాయరు, మాటతోనే బతుకుతుంది. నేను గాజువాక దగ్గర ఒక బడిలో చిన్నపిల్లల టీచర్ని. జూన్‌లో బడి తెరిచినప్పుడు అందరూ ఒకే యూనిఫాంలో, నూనె రాసి దువ్విన తలలతో, ఒకేలా ఏడుస్తూ వస్తారు. మొదటి వారం నేను పాఠం మొదలుపెట్టను. ఒక్కొక్కళ్ళనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, వీళ్ళని దేనికోసం ఇలా చేశావు ప్రభువా అని మనసులో అడుగుతూ, మొహంలోకి చూస్తాను. కొందరిలో త్వరగా తెలుస్తుంది. కొందరిలో ఏడాది పడుతుంది. కనపడిన రోజున, నన్ను ఈ పనికి పెట్టినందుకు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

మొన్న జూన్‌లో రెండు జడల పిల్ల ఒకతి నా చూపుకి ఇబ్బంది పడి, కుర్చీలో అటూ ఇటూ మెసిలింది. “ఏటి సూస్తన్నారు టీచరూ?” అని అడిగింది.

“నిన్నే చూస్తున్నానమ్మా. నీలాంటి పిల్లని ఇంతవరకూ ఎక్కడా చూళ్ళేదు” అన్నాను.

ఊడిన పన్ను కనపడేలా నవ్వింది. ఆ మాట ఇన్నేళ్ళుగా ప్రతి పిల్లకీ చెబుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా అబద్ధం కాలేదు.