టైర్ల డాక్టరు పాదం

డిపో గేటు నుంచి తన బస్సు దాకా నడిచేలోపు ఆ డ్రైవరు మూడుచోట్ల ఆగుతాడు. ఆగినప్పుడల్లా, తనది కాని బస్సయినా సరే, టైరును అరచేత్తో తట్టి, తల పంకించి కాసేపు నిలబడతాడు. తోటివాళ్లు ‘టైర్ల డాక్టరు’ అని మురిసిపోతారు. నడిస్తే కుడి పిక్క పట్టేస్తోందని, ఆ తట్టడమంతా నొప్పి తగ్గేదాకా నిలబడడానికేనని భార్యకొక్కతెకే తెలుసు. పోరు పెట్టి పెట్టి ఆవిడే ఆసుపత్రికి లాక్కొచ్చింది.

కాలికి రక్తం ఎంత అందుతోందో కెమెరాతో రంగుల్లో చూస్తారట. ఎర్రగా కనిపిస్తే మంచిదట, నీలంగా ఉంటే స్టీరింగు మరిచిపోవాల్సిందేనట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. ఇవాళ తన పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని, సంచిలో దాచి తెచ్చిన వేడినీళ్ల సీసా మీద పాదం మోపి ఉంచాడు.

“ఇదేం పిచ్చిపనండీ?” అంది భార్య.

“ఇంజను వేడెక్కకుండా బండి కదులుతుందా? నువ్వూరుకో.”

లోపల తెర మీద పాదం ఎర్రగా వెలిగింది, దాన్ని చూసి ఆయన మొహమూ వెలిగింది. కానీ పరీక్ష చేసే అమ్మాయి పాదం ముట్టుకుని, “వేడి పెట్టారా బాబాయ్?” అని అరగంట ఊరికే కూర్చోబెట్టింది. మళ్లీ చూస్తే వేళ్ల నుంచి మడమ దాకా నీలమే. అరికాలు తిప్పితే రూపాయి బిళ్లంత బొబ్బ.

“ఇంతలా కాలితే మంట పుట్టలేదా?”

“అబ్బే, చీమ కుట్టినట్టు కూడా లేదమ్మా!” అన్నాడు, ఈ ఒక్క పరీక్షయినా నెగ్గినట్టు భార్య వైపు చూస్తూ. ఆవిడ మాత్రం ఆ అమ్మాయి మొహం వైపు చూస్తోంది.