కరెంటు లేనప్పుడు సేవ్ అయిన ఫైలు

దెయ్యాల మాటెత్తితే మా ఇంట్లో నవ్వేవాళ్ళు. మాది మెదక్ దగ్గర పాస్టర్ల కుటుంబం. నేనైతే మరీ మొండిదాన్ని, కళ్ళతో చూసినా ఒక పట్టాన నమ్మను.

తొంభైల చివర్లో అబిడ్స్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ట్రైనీగా ఉన్నాను. మా ప్రోగ్రాం లైనక్స్‌లో చక్కగా నడిచేది. కస్టమర్ పంపిన యూనిక్స్ మెషిన్ మాత్రం అందులో ఒక ఫంక్షన్ తనకు తెలియదని మొరాయించేది. ఒకరోజు, సాయంత్రంలోగా ప్రోగ్రాం దాని మీద కంపైల్ అయి నడవకపోతే నన్ను పర్మనెంట్ చేయనని మా ఆఫీసు నడిపే సార్ ఖరాఖండిగా చెప్పేశారు.

అలాంటి ఫంక్షన్లు కావాలని మెషిన్‌కు చెప్పే లైను ఒకటుంటుంది. ఫీచర్ టెస్ట్ మాక్రో అంటారు. దాన్ని మా కాన్ఫిగ్ ఫైలులో రాశాను. ఆ ఫైలును మాత్రం ప్రోగ్రాంలో సిస్టమ్ హెడర్లన్నిటి కింద, అంటే ఏ ఫంక్షన్లున్నాయో మెషిన్‌కు చెప్పే ఫైళ్ళ తర్వాత, పిలిచాను. పెద్దవాళ్ళు ముందు, మనం చివర అనే పెంపకం మరి.

మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ రిపేరులో ఉంది. మెషిన్లున్న గదికి తాళం వేసి అందరం వరండాలో టిఫిన్లు విప్పాం. దిగులులో ప్రార్థన మరిచి ఒక ముద్ద తినేశాను. గుర్తొచ్చి కళ్ళు మూసుకుంటే, సిద్దిపేట వైపు నుంచి వచ్చిన మా సీనియర్ నర్సింలు అన్న పడీపడీ నవ్వాడు.

“తిన్నంక దండం పెడితే ఏం ఫాయిదా సునీతమ్మా? ముందుగాల పెట్టాలె గదా.”

నాకు ఒక్కసారిగా వెలిగింది. మాక్రో కూడా అంతే కదా! హెడర్లు చదివేశాక చెబితే మెషిన్ ఎందుకు వింటుంది? ఆనందంలో అన్నం సగంలోనే వదిలేశాను.

కరెంటు రాగానే తాళం తీసి ఆ మెషిన్‌లో ప్రోగ్రాం తెరిచాను. కాన్ఫిగ్ ఫైలును పిలిచే లైను అప్పటికే అన్నిటికంటే పైన ఉంది. కింద నేను రాసిన చోట లేదు. సేవ్ అయిన టైము చూస్తే, మేం వరండాలో తింటున్న టైమే. మెషిన్ గడియారం నా వాచీతో సరిగ్గా కలిసింది. తాళంచెవి నా దగ్గరే ఉంది.

కంపైల్ చేశాను. ఒక్క తప్పూ రాలేదు. భయపడాల్సింది పోయి, సంతోషంతో నవ్వు ఆపుకోలేకపోయాను. సార్ అప్పటికప్పుడే నన్ను పర్మనెంట్ చేశారు. అందరం నాంపల్లి స్టేషన్ దాకా నడిచి చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు తిన్నాం.

ఎవరు మార్చారని నర్సింలు అన్నను అక్కడే నిలదీశాను.

“నేనైతే ముట్టలే. దండం లేటుగ పెట్టినా దేవుడు తీస్కుంటడు, మెషినే తీస్కోదు,” అన్నాడు.

ఇదంతా జరిగి ఇన్నేళ్ళయింది. అన్నం ముందు ఇప్పుడు ప్రార్థన మరవను. ఆ మధ్యాహ్నం తాళం వేసిన గదిలో ఎవరున్నారో గానీ, వాళ్ళకూ అందులో ఒక థాంక్స్ చెప్పుకుంటాను.