రేపల్లె కోర్టులో నా అరవం

నా చిన్నప్పుడు, గట్టిగా పదేళ్లుంటాయో లేదో, రేపల్లె కోర్టులో దుబాసీ పని చేశాను. ఈ మాట చెబితే బాపట్లలో మా మనవలు నోళ్లు తెరుచుకుని వింటారు. మీకు మాత్రం కొంచెం తగ్గించి చెబుతాను. కోర్టులో కాదు, సబ్‌జైలు కటకటాల దగ్గర.

అప్పుడు మేం తెనాలిలో ఉండేవాళ్లం. మా నాన్న రేపల్లెలో ఒక ప్లీడరుగారి గుమస్తా, రోజూ పాసింజరు బండిలో వెళ్లి వచ్చేవాడు. ఆ ఏడు తుపానుకు ఒక అరవ జాలరి మన తీరానికి కొట్టుకొచ్చాడు. ఇక్కడివాళ్ల తెప్ప ఒకటి తీసుకుపోయాడని అతని మీద దొంగతనం కేసు పెట్టారు. అతని తరఫున వాదించేది నాన్న పనిచేసే ప్లీడరుగారే. అతనికి తెలుగు ముక్క రాదు, కోర్టులో ఎవరికీ అరవం రాదు. దుబాసీ దొరక్క రెండు వాయిదాలు పడ్డాయి. అతను లోపలే ఉన్నాడు.

మా పక్కింటి అత్తయ్య, రైల్వే గార్డుగారి భార్య, అరవ దేశం మనిషే. కానీ అప్పుడు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి ఉంది, గార్డుగారేమో ఎప్పుడూ బండ్ల మీదే. వాళ్ల పిల్లలతో గోలీలాడి నేను నేర్చుకున్న అరవమల్లా పది అంకెలూ మూడు తిట్లూ. అయినా నాన్న ఇంట్లో వాపోతుంటే "నాకొచ్చుగా" అన్నాను.

నాన్న నన్ను తీసుకెళ్లి అతని ముందు నిలబెట్టాడు. అతను కటకటాలు పట్టుకుని ఏడుస్తూ ఏకధాటిగా ఏదేదో చెప్పాడు. అందులో 'తంబి', అంటే తమ్ముడు, అన్న ఒక్క మాటే నాకు తెలిసింది.

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు నాన్న.

తెలియదంటే పరువు పోతుంది. "తెప్ప తీసింది వాళ్ల తమ్ముడంట" అన్నాను. ప్లీడరుగారు అదే పట్టుకున్నారు.

మూడో వాయిదా నాటికి అత్తయ్య తిరిగొచ్చింది. నాన్న బతిమాలి రేపల్లె తీసుకెళ్లాడు, నేనూ వెంటపడ్డాను. ఆమె చేత ప్రమాణం చేయించారు. తీసింది ఇతని తమ్ముడని ప్లీడరుగారు అనగానే అత్తయ్య అది అరవంలో చెప్పింది. అతను బిత్తరపోయి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తెప్ప తీసింది తనేనట. నాన్న నావైపు చూశాడు. జడ్జిగారు ప్లీడరుగారి వైపు చూశారు. ఎవరు ఎవరి పక్షమో నాకు అయోమయంగా ఉంది.

"అమ్మా, ఆ ఒక్క ముక్క కాస్త చూసి చెప్పండి" అన్నారు ప్లీడరుగారు, గొంతు తగ్గించి.

"ఆయనన్నది అదేనండి. నేను మార్చనండి. ఇంకా చెబుతున్నాడు, విననివ్వండి" అంది అత్తయ్య.

పడవ బోల్తా పడి తమ్ముడు నీళ్లలో పోయాడట. వెతకడానికి చేతికందిన తెప్ప తీశాడట. వాళ్ల వైపు, అడగడానికి మనిషి లేనప్పుడు, మొలతాడు తెంపి తెప్ప కట్టిన గుంజకు కట్టి వెళతారట, తిరిగి తెస్తామని మాటగా. తనూ అలాగే కట్టాడట.

తెప్ప సొంతదారు తల గోక్కున్నాడు. "నల్లతాడు ఉందండి. ఎవరో చేతబడి చేశారనుకుని కాల్చేశానండి."

జడ్జిగారు కలం కింద పెట్టారు. తమ్ముడు దొరికాడా అని అడిగారు. అత్తయ్య అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ జవాబుకు దుబాసీ అక్కర్లేకపోయింది. కేసు కొట్టేశారు.

తిరుగు బండిలో అత్తయ్య నన్ను తిట్టలేదు. "అర్థం కానిచోట ఊరుకోవాలి నాయనా. నువ్వు కల్పించిన మాట, పోయిన పిల్లాడి మీద పడింది చూడు" అంది. అరవై ఏళ్లవుతోంది. ఒకరి మాట ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ తమ్ముడు గుర్తొస్తాడు. తెలియకపోతే తెలియదనే అంటాను.

ఇది చదివి మా అక్క కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "కోర్టులో ఏం జరిగిందో నువ్వెక్కడ చూశావురా? వరండాలో బెంచీ మీద నిద్రపోయావు. అత్తయ్య నాకు చెబితే నేను నీకు చెప్పాను. అది కూడా రాయి."