ఊరూ పేరూ అడిగే భాయ్

బెంజ్ సర్కిల్‌లో మా రొయ్యల ఎగుమతి ఆఫీసు కంప్యూటర్లన్నీ, మేం భాయ్ అని పిలిచే పెద్దాయన చూసేవారు. సిస్టమ్ లోపాలు సరిచేసే ప్యాచ్ సీడీ ఏదొచ్చినా సరే, అది ఏ వెర్షన్‌కి, దేని తర్వాత వెయ్యాలి, రీస్టార్ట్ అడుగుతుందా అన్నవి కవరు మీద రాసేదాకా దాన్ని ముట్టనిచ్చేవారు కాదు.

"ఊరూ పేరూ అడక్కుండా ఎవర్నైనా ఇంట్లోకి రానిస్తామా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు వైరస్ పట్టి మెషీన్లన్నీ నిమిషానికోసారి ఆగిపోతున్నాయి. మధ్యాహ్నంలోపు కాగితాలు ప్రింటు కాకపోతే మా సరుకు ఓడ అందుకోదు. నా సెల్‌లో ఓనరు అరుస్తున్నాడు. ఆ కంగారులో నేను కొత్త ప్యాచ్ వేస్తే ఎక్కలేదు.

"ఇది దండగ సీడీ భాయ్!"

"కవరు చదివావా బేటా? దీనికి ముందు పాతదొకటి ఉండాలని రాశాను కదా. కోపం తర్వాత పడుదువుగాని, ముందు వైరస్ వస్తున్న ఆ నెట్ వైరు పీకు."

పాతది వేసి, దాని మీద కొత్తది వేశాం. ఈసారి మెషీన్ ఆగలేదు. అదే వరసలో మిగతావన్నీ లేచాయి. వేడి వేడి కాగితాలు పట్టుకుని మెట్లు దూకుతూ దిగి, కింద సరుకుతో ఆగి ఉన్న లారీ డ్రైవరుకిచ్చాను.

"పోనీయ్ బాబాయ్!" అని అరిచాను.

లారీ కదిలింది. తలెత్తి చూస్తే, ఎన్నడూ తొందరపడని ఆ మనిషి బాల్కనీలో రెండు చేతులూ ఎత్తి గంతులేస్తున్నారు.