టేపు కొస

జగ్గయ్యపేటలో ఇళ్లు కొలిచి పన్ను వేసే అనంతపద్మనాభం ఎవరింటికెళ్లినా మొహాలు చూడడు, ముందు కప్పు చూస్తాడు. రేకులా, పెంకులా, శ్లాబా అని ఆయన కళ్లే తేల్చేస్తాయి. తర్వాత జేబులోంచి టేపు తీసి ఒక కొస ఇంటివాళ్ల చేతికే ఇస్తాడు. ఎవరి మీద పడే పన్ను వాళ్లే పట్టుకుని నిలబడాలి. ఆయన సందు మలుపు తిరిగాడంటే జనం కొత్త గచ్చు మీద గోనెసంచులు పరిచేస్తారు, మేడమెట్లకి అడ్డంగా మంచం నిలబెడతారు. ఆయన సంచి కాలితో జరిపి, రాసుకుని వెళ్లిపోతాడు.

1997లో ఒక ఆదివారం, టేపు ఇంట్లోనే పెట్టి, అదే ఊళ్లో చెల్లెలు ప్రసూనాంబ కట్టుకుంటున్న ఇల్లు చూడ్డానికి వెళ్లాడు. ఇంకా పని మిగిలుందని ఆమె వేసవి నుంచీ చెబుతోంది. తీరా చూస్తే గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండిపోయి ఉన్నాయి. గృహప్రవేశానికి అన్నకి పిలుపు రాలేదు. ప్రసూనాంబ గబగబా హాల్లో రెండు చాపలు పరిచి, "ఇక్కడ కూర్చో అన్నయ్యా" అంది. చాప కిందనుంచి చలువరాయి చల్లగా తగిలింది. కాఫీ తాగినంతసేపూ ఆయన చాప అంచు దాటి చూడలేదు, తలెత్తి కప్పూ చూడలేదు. గేటుదాకా వచ్చి సాగనంపుతూ ఆమె మెల్లిగా అడిగింది.

"ఏం రాసుకోలేదుగా అన్నయ్యా?"

మర్నాడు పొద్దున్నే ఆయన అదే గేటు ముందు నిలబడి, "ఇంట్లో ఎవరండీ" అని కేకేశాడు. ప్రసూనాంబ బయటికొస్తే, టేపు కొస ఆమె చేతికిచ్చాడు.