బోణీ కాని ఐస్‌క్రీం

మొన్న గద్వాల నుంచి నాగర్‌కర్నూలు పోతూ, బస్సు మారాల్సిన వనపర్తిలో ఎండకు తాళలేక ఒక కొత్త కాఫీ దుకాణంలో దూరాను. గోడ మీది పలకపై ‘అఫొగాటో’ అని తెలుగులోనే రాసి ఉంది. వెనీలా ఐస్‌క్రీం మీద చిక్కటి వేడి కాఫీ పోసిచ్చే ఇటలీ తిండి అది. గద్వాలలో దాన్ని ముందుగా అమ్మజూసింది మా చిన్నాయన. అమ్మజూశాడు అంటున్నాను, అమ్మాడు అనడం లేదు.

మాది బట్టల దుకాణాల ఇల్లు. నాకు మాటలకంటే ముందు బేరాలొచ్చాయి. ఇప్పటికీ దవాఖానలో సూదిమందుకు బేరమాడి తిట్లు తిని వస్తుంటాను. ఆ విద్యలో గురువు చిన్నాయనే. చీర విప్పి ఒళ్లో వేస్తే సగం అమ్మినట్టే, ధర మాట తర్వాత అనేవాడు. జనం ఫోన్లలో చీరలు తెప్పించుకోవడం మరిగాక ఆ విద్య అక్కరకు రాలేదు. అరలు ఖాళీ అయ్యాయి. దుకాణం నడిచిన ఆ అద్దె మడిగెలోనే ఐస్‌క్రీం పెట్టె పెట్టాడు. అదీ నడవకపోతే తాళం ఇంటాయనకు అప్పజెప్పాల్సిందే. అప్పుడు ఫోనులో ఈ వింత చూసి, “గద్వాలల ఇంకెవని కాడ లేదురా, ఇగ మనదే రాజ్యం” అన్నాడు.

తొలి గిరాకీ మల్దకల్ గుడికి పోయి వస్తున్న ఆలుమగలు. చిన్నాయన అలవాటు కొద్దీ ధర చెప్పకముందే గిన్నెలో ఐస్‌క్రీం వేసి, కళ్ల ముందే కాఫీ పోసి, చీర పరిచినట్టు ఎదుట పెట్టాడు. కమ్మటి చేదు వాసన మడిగెంతా నిండింది. అప్పుడు మొదలైంది బేరం. మొగుడు సగానికి అడిగాడు. చిన్నాయన దేవుడి పటం చూపి ఒట్టేశాడు. ఆమె గడప దాకా పోయింది, చిన్నాయన వెనక్కి పిలిచాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ధర కుదిరేసరికి గిన్నెలో గోరువెచ్చని బురదనీళ్లు.

“ఏందన్నా గిది? కాఫీ సల్లారె, ఐస్‌క్రీం కరిగె. ఇగ దేనికియ్యాలె పైసలు?” అందామె.

“విప్పి సూపియ్యకుంటె ఎట్ల కొంటరక్కా?” అన్నాడు చిన్నాయన, తనలో తాను అన్నట్టు. వాళ్లు కొనకుండానే పోయారు, తర్వాత వచ్చినవాళ్లతోనూ ఇదే కథ.

“ముందుగాల ధర చెప్పు, ఎన్క కాఫీ పొయ్యి” అని చిన్నమ్మ రోజూ మొత్తుకుంది. ఆయనకు తెలియక కాదు. మనిషి గడప తొక్కగానే పరిచేయడం అలవాటైన చేతులు, మాట వినలేదు. బోణీ కాని సరుకు ఇంటివాళ్లు నోట పెట్టకూడదని మా పట్టింపు. దానికి బోణీయే కాలేదు కనుక చిన్నాయన దాని రుచి చూడనే లేదు. వానలు పడకముందే మడిగె పోయింది.

వనపర్తిలో నేను బేరమాడకుండా ఒకటి తెప్పించుకుని, కరిగేలోపే తినేశాను. చల్లదనంలో ఆ చేదు ఎంతో బాగుంది.

నాగర్‌కర్నూలులో చిన్నాయన ఇప్పుడు పరాయి దుకాణంలో, గిరాకీలు కొనకుండా వదిలిపోయిన చీరలు మడత పెడుతుంటాడు. పక్కన కూర్చుని, వనపర్తిలో అఫొగాటో అమ్ముతున్న సంగతి చెప్పాను.

“బేరమాడుతుండ్రా?” అన్నాడు తలెత్తకుండా.

“లేదు చిన్నాయనా. అడిగినంత ఇచ్చి, సప్పుడు జేయక తింటుండ్రు.”

మడత పెట్టే చేతులు ఆగాయి. “ఎట్లుంటది రా?”

కొనేటప్పుడు సరుకు ఎంత బాగున్నా బాగుందని ఒప్పుకోవద్దని నాకు నేర్పింది ఆయనే.

“ఏమంత లేదు చిన్నాయనా” అన్నాను.

“గట్లనా” అని ఇంకో చీర అందుకున్నాడు. మా బేరాల కాలమూ ఆ ఐస్‌క్రీం లాంటిదే, బేరం తెగేదాకా గిన్నెలో ఆగలేదు.