అమ్మ ఉప్పు మానేసిన శనివారాలు

డాక్టరు బీపీ చూసి, మొహం చిట్లించి, మళ్ళీ ఒకసారి చూశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, ఊరగాయ జోలికి పోవద్దన్నాడు. ఆ తర్వాత, "ఫోను ఎంతసేపు చూస్తుంటారు?" అని అడిగాడు.

"పని మేరకే సార్" అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. పక్కనే కూర్చున్న అమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, కన్నది కదా.

తిరుపతికి వచ్చే యాత్రికులకు కార్లు కుదిర్చే పని నాది. కాళహస్తికి, కాణిపాకానికి బండ్లు పంపాలి, డ్రైవర్లతో మాట్లాడాలి. ఫోను లేకుంటే పూట గడవదు, అది నిజమే. కానీ నా బీపీ పెంచింది ఆ పని కాదు. మొహం కూడా తెలియని వాళ్ళతో ఫోన్లో రాజకీయాల మీద పెట్టుకునే తగవులు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఎవడు నన్నేమన్నాడో చూడాలి. చూడగానే గుండె దడదడలాడేది, చెవులు వేడెక్కేవి. జవాబు రాసేదాకా కాఫీ గొంతు దిగేది కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, వాళ్ళ మీద కోపం డ్రైవర్ల మీద చూపేవాడిని. మెడ పట్టేసింది, నిద్ర కరువైంది. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు హాయిగా నిద్రపోతుంటే, వాళ్ళ తరఫున నేను మేలుకునేవాడిని.

ఆసుపత్రి నుంచి రాగానే అమ్మ ఊరగాయ జాడీలన్నీ ఎదురింటికి ఇచ్చేసింది. "నా సేతి ఉప్పే నీకు సేటు సేసిందబ్బా" అని కళ్ళొత్తుకుంది. కొండమీది స్వామి పేరు చెప్పుకుని శనివారం ఒకపూటే తినడం మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే. అమ్మ ఆ ఒక్కపొద్దు ఎన్నో ఏళ్ళుగా ఉంటోంది. ఇప్పుడు నా బీపీ తగ్గేదాకా ఆ ఒక్కపూట తిండిలోనూ ఉప్పు వేసుకోనని మొక్కుకుంది. చప్పిడి సంగటి, చప్పిడి పప్పు. ఎదురుగా కూర్చుని నేను ఫోను చూసుకుంటూ తినేవాడిని.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెబితే ఫోను మానాలి. అందుకే చెప్పలేదు.

ఒక శనివారం కూరగాయలకని ఎండలో వెళ్ళి, అమ్మ అంగడి ముందే కళ్ళు తిరిగి కూలబడింది. ఈ వయసులో ఉప్పు మానేసి, పస్తులుండి, ఎండలో తిరిగితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు కోప్పడ్డాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికి తీసుకొచ్చి, మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

"నీ వంట కాదమ్మా, ఈ ఫోనే. డాక్టరుకు అబద్ధం చెప్పినాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎవురితో కొట్లాట నాయనా? మనోళ్ళా?"

"కాదు. ఎవురో నాకే తెలీదు."

"తెలీనోళ్ళతోనా?" అని అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "అయితే ఒక పని సెయ్యి. శనివారం నువ్వు ఆ కొట్లాటలు సూడకుండా ఒక్కపొద్దుండు. డ్రైవర్లు పిలిస్తే మాట్లాడుకో. నేను ఉప్పేసుకుని తింటా. స్వామికి నేను సెప్పుకుంటాలే" అంది.

తర్వాతి శనివారం పొద్దునంతా బాగానే గడిచింది. చెయ్యి ఊరికే జేబు తడుముకునేది, అంతే. మధ్యాహ్నం అమ్మ నాతోపాటే, పప్పులో ఉప్పు వేసుకుని సంగటి ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "రుచిగా ఉండాదబ్బా" అని పసిపిల్లలా నవ్వింది. నా కళ్ళు చెమర్చాయి.

అంతలో డ్రైవరు ఫోను చేశాడు. మాట్లాడాను. అక్కడితో పక్కన పడేయాల్సింది. ఒక్కసారి చూద్దాం, చూడటమే కదా అనుకున్నాను. ఎవడో నన్ను తెలివిలేనివాడన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఎడమచేత్తోనే జవాబు రాస్తూ పోయాను.

తలెత్తేసరికి అమ్మ తింటున్న తట్ట పక్కకు జరిపి చెయ్యి కడుక్కుంటోంది. సంగటి సగం అలాగే ఉంది.

"ఏమ్మా, తినలేదే?"

అమ్మ గొంతులో కోపం లేదు.

"నువ్వు తిను నాయనా, సల్లారిపోతాది. ఒక్కపొద్దు నేనే ఉంటాలే."